ఎనిమిదో నంబరు కుడివైపు

మొదటిసారి మార్నీని చూసినప్పుడు ఆమె చేతుల్లో పసిబిడ్డ ఉందనుకుని పరుగెత్తాను.

మార్చి నెల. వాన ఏటవాలుగా కొడుతోంది. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి మా ఇంటి వెనక షెడ్డు తలుపును మోచేత్తో బాదుతోంది. రెండు చేతుల్లో దుప్పటి చుట్టిన మూట.

"ఎమెట్ లీన్‌హార్ట్ మీరేనా? ముందు పట్టుకోండి, జవాబు తర్వాత చెప్పండి!"

పట్టుకున్నాను. నడుము వంగిపోయింది. బిడ్డ ముప్ఫై పౌండ్లకు తక్కువ లేదు. దుప్పటి జారి, లోపల్నుంచి ఇత్తడి పొగగొట్టం తొంగిచూసింది.

"ఇంజనా!"

"మరేమనుకున్నారు?"

"ఏమీ అనుకోలేదు."

"మీ మొహం చూస్తే పాలసీసా వెతుకుతున్నట్టుంది."

బల్లమీద పెట్టి దుప్పటి తీశాను. అసలు ఇంజన్లో ఇరవయ్యో వంతు. ఇంకా రంగు పడని ఇత్తడి. ఒక్కో రివెట్టు చేత్తో కొట్టినదే. ఇంత శ్రద్ధగా చేసిన పని నా షెడ్డులోకి అంతకుముందు రాలేదు.

ఇలాంటి పెద్ద నమూనా ఇంజన్లకు రంగు వేయడం, వేసిన కొత్త రంగును మళ్లీ పాతబరచడం నా వృత్తి. పొగమసి, తుప్పు, బురద, జిడ్డు, నీటిచారలు, అన్నీ కుంచెతో తేవాలి. పాతికేళ్లు బొగ్గు మోసిన బండిలా కనిపించాలి. మా పెన్సిల్వేనియా కొండల్లో రైలు పిచ్చి ఉన్నవాళ్లు వీధికొకరుంటారు, కాబట్టి పనికి లోటు లేదు.

"దీన్ని మురికి చెయ్యాలి," అంది ఆమె. "మా తాత చెప్పాడు, మీరు డబ్బు తీసుకుని మురికి చేస్తారని. నేను స్కూలు బస్సు నడుపుతాను. మా పిల్లలు ఊరికే చేసిపెడతారు."

"నాలుగు నెలలు ఆగాలండీ. ముందు ఆరు ఇంజన్లున్నాయి."

"నాలుగు వారాలు. ఏప్రిల్ మూడో శనివారం మా తాతకు ఎనభై నిండుతాయి. పదకొండేళ్లు కూర్చుని దీన్ని చేశాడు. రంగు వేద్దామనేసరికి చేతులు వణకడం మొదలైంది."

నేను పుట్టుభయస్థుణ్ణి. కాదనడానికీ భయమే, అవుననడానికీ భయమే.

"ఇంకో మాట," అంది రెయిన్‌కోటు టోపీ లాక్కుంటూ. "మీ ముక్కుమీద మసి ఉంది. అది కూడా డబ్బు తీసుకునే చేశారా?"

చొక్కా చేతితో తుడుచుకున్నాను. మసి చెంపమీదికి పాకింది. ఆమె పకపకా నవ్వి వానలోకి వెళ్లిపోయింది. నేను ఒప్పుకున్నట్టే ఆమె లెక్క.

*

ఇంజన్‌తోపాటు ఒక ఫొటో ఇచ్చింది. అరచేతిలో పట్టేంత చిన్నది. పాత స్టేషన్ మాస్టరు తీసి, తన ఇంట్లోనే కడిగిన ఫొటోనట. ఇంజన్ మొత్తం లేదు. కేబిన్, దాని ముందు కాస్త బాయిలరు. కేబిన్ గోడమీద పెద్ద 8 అంకె. కిటికీలోంచి ఇరవయ్యేళ్ల కుర్రాడు, ఆమె తాత ఓర్వల్, సగం బయటికి వాలి నవ్వుతున్నాడు. మంచు పడుతున్నా తలమీద టోపీ లేదు, చేతిలో ఉంది.

"సరిగ్గా ఇలాగే ఉండాలి," అంది మార్నీ. "ప్రతి మరకా."

రంగులు అడుగుదామని ఓర్వల్ దగ్గరికి వెళ్లాను. వంటింటి బల్లదగ్గర కూర్చోబెట్టి, బెల్లంపాకం నింపి కాల్చిన పై ముక్క, కాఫీ ఇచ్చాడు. పొగగొట్టం ఎంత నలుపు, బొగ్గుపెట్టె అంచుకి ఎంత తుప్పు, అన్నీ చెప్పాడు. తర్వాత నంబరు సంగతి వచ్చింది.

"మా లైన్లో ఒక పద్ధతుండేది బాబూ. బండి ఎంత మురికిగానైనా ఉండనీ, నంబరు మాత్రం కనపడాలి. రెండువైపులా ఉంటుంది కదా. ఎవరి వైపుది వాళ్లు తుడవాలి. కుడివైపు డ్రైవర్‌ది, ఎడమవైపు నాలా బొగ్గు వేసే ఫైర్‌మన్‌ది. డ్రైవర్ వైపు నంబరుమీద నేను చెయ్యి పెడితే మా డ్రైవర్ గస్ ఆ చెయ్యి విరగ్గొట్టేవాడు."

"మీరెప్పుడూ కుడివైపు తుడవలేదా?"

ముసలాయన కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒక్కరోజు. గస్‌కి కడుపునొప్పి వచ్చి స్టేషన్లోనే పడిపోయాడు. మంచు. పైన గని ఊళ్లో రెండు రోజులుగా బొగ్గూ లేదు, పాలూ లేవు. పదకొండు మైళ్లు నేనే తీసుకెళ్లాను. ఎక్కేముందు కుడివైపు నంబరు టోపీతో తుడిచాను." కిటికీలోంచి వాన చూశాడు. "అప్పుడే ఫొటో తీశారనుకునేవాణ్ణి. కానీ ఫొటోలో ఎడమవైపు కదా కూర్చున్నాను. ఫొటో ఎందుకు అబద్ధమాడుతుంది? నేనే కలగన్నానేమో."

మా దేశపు ఇంజన్లలో డ్రైవర్ ఎప్పుడూ కుడివైపే. ఆ మరుసటి ఏడాది లైను మూసేశారు. ఓర్వల్ దాణా మిల్లులో చేరాడు. ఆ ఒక్కరోజు కథ చెప్పినప్పుడల్లా ఊళ్లో ఎవరో ఒకరు ఫొటో చూపించి నవ్వేవారు. మంగలి వెండెల్ ఆయనకు పేరే పెట్టాడు, 'డ్రైవర్ గారు' అని. అరవై ఏళ్లుగా ఆ పేరుతోనే వెక్కిరిస్తున్నారు.

"మీకూ నమ్మకం లేదా?" అని తర్వాత మార్నీని అడిగాను.

"తాతంటే ప్రాణం," అంది. "నమ్మకం వేరే సంగతి."

*

మార్నీ రోజూ నాలుగుంపావుకి వచ్చేది, బస్సు పిల్లల్ని ఇళ్ల దగ్గర దించేసి. వచ్చి స్టూలుమీద కూర్చుని నన్ను హింసించేది.

"ఇదేమిటి, ఇంత తుప్పా? తాతకి ఎనభై ఏళ్లు, ఎనిమిది వందలు కాదు."

"అది తుప్పు కాదు, తుప్పు నీడ."

"ఓహో, నీడ! అయితే సగం డబ్బే ఇస్తాను."

కానీ ఆమె కన్ను గట్టిది. చక్రాల వెనక బురద నేను సమానంగా చల్లితే, "చక్రం అలా చల్లదు," అంది. నన్ను బయటికి లాక్కెళ్లి వానలో తన బస్సు చూపించింది. బురద చక్రం వెనక విసనకర్రలా విచ్చుకుని ఉంది. ఇద్దరం ఒకే గొడుగు కింద బస్సు చక్రాన్ని చూస్తూ నిలబడ్డాం. ఆమె బురదను చూస్తోంది. నేనేం చూస్తున్నానో దేవుడికి తెలుసు.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో గుర్తులేదు. ఆ గొడుగు కిందే అయి ఉంటుంది.

ప్రతి సాయంత్రం నోటిదాకా వచ్చేది చెప్పాల్సిన మాట. ప్రతి సాయంత్రం మింగేసేవాణ్ణి. నా పనిలో ఒక దశ ఉంటుంది. మసిపొడి, రంగుపొడి ఎంత పులిమినా తుడిచేయవచ్చు. పైన వార్నిష్ కొట్టాక మాత్రం అంతే, ఇక వెనక్కి లేదు. ఆ ఆఖరి వార్నిష్ ముందు నా చెయ్యి ఎప్పుడూ ఆగిపోతుంది. మాటకూ అదే భయం.

బుధవారం మధ్యాహ్నం ధైర్యం చేసి ఇంజన్‌కి వార్నిష్ కొట్టాను. మార్నీ వచ్చి చుట్టూ తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి. ఇవాళ చెప్పేస్తాను అనుకున్నాను.

"ఎమెట్, ఈ జిడ్డు ఎక్కణ్ణుంచి కారుతోంది?"

"ఏ జిడ్డు?"

"ఇదిగో, ఎడమవైపు బాయిలరుమీద, బారుగా. బస్సుకి జిడ్డు కారితే పైన ఏదో ఒకటుంటుంది. ఇక్కడ పైన ఏమీ లేదుగా."

"ఫొటోలో ఉంది," అన్నాను.

"అయితే సరే," అని చెంప తట్టి వెళ్లిపోయింది. చెంప తట్టింది! అయినా ఆ ఆనందం నిలవలేదు. పైన ఏమీ లేదుగా, అన్న మాట చెవిలో ఉండిపోయింది.

భూతద్దం తీసి ఫొటో చూశాను. మూడు వారాలుగా మరకలే చూశాను గాని, మరకల పైన ఏముందో చూడలేదు. ఉంది. కేబిన్‌లోంచి బాయిలరు వెంట ముందుకు పోతున్న పొడవాటి కడ్డీ. బండిని ముందుకో వెనక్కో మళ్లించే కడ్డీ అది. డ్రైవర్ చేతికింద ఉంటుంది. కుడివైపే ఉంటుంది.

ఓర్వల్ చేసిన ఇంజన్ తిప్పి చూశాను. కుడివైపు ఉంది కడ్డీ, ఆయన చేత్తో చేసినది, సరిగ్గా ఉండాల్సిన చోట.

మళ్లీ ఫొటో. కుర్రాడి చొక్కా గుండీలు ఆడవాళ్ల చొక్కాకి ఉన్నట్టు ఎడమ అంచున ఉన్నాయి. స్టేషన్ మాస్టరు ఫిలింను తిరగేసి పెట్టి ఫొటో కడిగాడు. ఫొటో మొత్తం అద్దంలో చూసినట్టు తారుమారైంది. మరే అంకె అయినా వెంటనే దొరికిపోయేది. 8 తిరగేసినా 8 లాగే ఉంటుంది.

అంటే కుర్రాడు కూర్చున్నది కుడివైపు.

*

ఆ సాయంత్రం ప్రార్థనకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పాస్టరు ఏం చెప్పారో వినలేదు.

ప్రభూ, అని అడిగాను, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? పార్టీ శనివారం. వార్నిష్ కొట్టేశాను. ఎడమవైపంతా ఇత్తడిదాకా గీకి, మళ్లీ రంగు వేసి, ఆరబెట్టి, మరకలన్నీ కుడివైపు దించాలి. ఈ వానలో వార్నిష్ ఆరదు, పాలలా తెల్లబడిపోతుంది. ఉన్నది పోయి, కొత్తది రాక, ఆ ముసలాయన ముందు ఉత్త ఇత్తడి పెట్టాల్సి వస్తే? మార్నీ నా మొహం మళ్లీ చూస్తుందా?

జవాబు రాలేదు. అడిగినప్పుడల్లా జవాబు వచ్చేదయితే విశ్వాసం అక్కర్లేదేమో. ఒక్కటి మాత్రం తట్టింది. ప్రభూ, నువ్వు మనిషిని దుమ్ముతో చేశావు. నేను దుమ్ముతో ఇంజన్లకు ప్రాణం పోస్తానని గొప్పలు చెప్పుకుంటాను. దుమ్ము తప్పు చోట ఉందని తెలిసీ ఊరుకుంటే అది వట్టి మురికే కదా.

గురువారం ఆరు కాకముందే బస్సుల డిపోకి వెళ్లాను. మార్నీ బస్సు చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తన్ని చూస్తోంది.

"ఏమిటి ఇంత పొద్దున్నే? అబ్బో, చెవులు ఎర్రబడ్డాయి! ఏదో పెద్ద సంగతే."

"మార్నీ, ఇది మూడు వారాలుగా చెప్పాలనుకుంటున్న సంగతి కాదు."

"అయితే మూడు వారాలుగా చెప్పాలనుకుంటున్నది ఇంకొకటి ఉందన్నమాట."

నోరు జారింది. వెనక్కి తీసుకోవడానికి టైము లేదు. "నేను తప్పు చేశాను. ఎడమ వైపంతా తప్పు," అని ఫొటో, భూతద్దం ఆమె చేతిలో పెట్టాను. కడ్డీ చూపించాను. గుండీలు చూపించాను.

ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. బస్సు మెట్టుమీద కూర్చుండిపోయింది.

"అంటే తాత నడిపాడా?"

"ఈ కిటికీ డ్రైవర్‌దే. కానీ కిటికీలో ఎవరైనా ఊరికే కూర్చోవచ్చు, మార్నీ. కాసేపు ఫొటో కోసం..."

"నంబరు చూడు," అంది. "8 చుట్టూ మసి లేదు. అప్పుడే తుడిచారు. తాత చేతిలో టోపీ చూడు, నల్లగా ఎలా ఉందో! డ్రైవర్ వైపు నంబరు డ్రైవర్ తప్ప ఇంకొకరు తుడవరు. ఆ గస్ చెయ్యి విరగ్గొట్టేవాడు. చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను ఈ మాట. వింటూనే నవ్వాను. నేను కూడా నవ్వాను, ఎమెట్."

రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. పక్కన నిలబడ్డాను. వాన మొదలైంది. గొడుగు తేలేదు.

"చెప్పకుండా ఊరుకోవచ్చుగా నువ్వు," అంది కాసేపటికి.

"ఊరుకోవచ్చు."

"రెండు రోజుల్లో అవుతుందా?"

"భయంగా ఉంది."

"అవుతుందా అని అడిగాను. భయం సంగతి అడగలేదు. అది నీకు ఎప్పుడూ ఉండేదేగా." లేచి కళ్లు తుడుచుకుంది. "నాలుగుంపావుకి వస్తాను. పాత టూత్‌బ్రష్‌లు ఎన్నున్నాయో వెతికిపెట్టు."

*

గీకాం. రంగు వదిలించే మందు పూసి, టూత్‌బ్రష్‌తో తోమి, మూడు వారాల పనిని రెండు గంటల్లో మురిక్కాలవలోకి పంపాం. మార్నీ ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

శుక్రవారం కొత్త రంగు వేశాను. వాన తెరిపివ్వలేదు. రంగు ఆరలేదు. వేలితో తాకితే వేలిముద్ర పడింది. చివరికి కేబిన్ మరలు విప్పి, పళ్లెంలో పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. ఓవెన్ తలుపు తీస్తుండగా అమ్మ వచ్చింది.

"ఏమిట్రా అది?"

"ఇంజన్ కేబినమ్మా. సన్నటి సెగమీద రెండు గంటలు."

అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. తర్వాత నా వెనక నిలబడ్డ మార్నీని చూసింది, ఇంకా శ్రద్ధగా.

"పైన చీజ్ చల్లమంటావా?"

అప్పుడు నవ్వింది మార్నీ, ముందురోజు పొద్దున్నుంచి మొదటిసారి. ఆ నవ్వుకి నా రంగులన్నీ ఆరిపోయినంత ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున మరకలన్నీ కుడివైపు దించాను. జిడ్డు కడ్డీ కింద కారింది. బురద చక్రం వెనక విచ్చుకుంది. వంటింట్లో ఓవెన్ సెగ పక్కన పెట్టి మొత్తానికి వార్నిష్ కొట్టాను, ఒక్కచోట తప్ప. కుడివైపు 8 అంకెమీద మసిపొడి దట్టంగా అద్ది, అక్కడ కాగితం అడ్డుపెట్టి వార్నిష్ తగలకుండా వదిలేశాను.

"నంబరు కనపడటం లేదే!" అంది మార్నీ కంగారుగా.

"తుడవాల్సింది నేను కాదు."

ఆమె నన్ను అదోలా చూసింది. అర్థమైంది.

*

చర్చి హాలు నిండిపోయింది. హ్యాము, బంగాళాదుంప సలాడు, మూడు రకాల పైలు. వెండెల్ తలుపు దగ్గరే ఉన్నాడు. "దారివ్వండి, డ్రైవర్ గారొస్తున్నారు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఓర్వల్ కూడా నవ్వాడు, అలవాటు కొద్దీ.

ఇంజన్ బల్లమీద కుడివైపు కనపడేలా పెట్టాను.

ఓర్వల్ దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. ఆయన చూపు కడ్డీమీద ఆగింది, జిడ్డుమీద ఆగింది.

"ఇది ఫొటోలోని మరక కదా," అన్నాడు మెల్లగా. "ఈవైపు పెట్టావేం బాబూ? నేను కూర్చున్నది..."

"కుడివైపు తాతా," అంది మార్నీ. "ఫొటోని తిరగేసి కడిగారు. నువ్వు చెప్పిందే నిజం. మేమందరం తిరగేసిన ఫొటోని నమ్మాం, నిన్ను నమ్మలేదు. నన్ను క్షమించు."

హాల్లో చెంచాల చప్పుడు ఆగింది. ఫొటో, భూతద్దం చేతులు మారాయి. ఓర్వల్ మాత్రం ఫొటో వైపు చూడలేదు. మసి కమ్మిన అంకె వైపు చూస్తున్నాడు. కొన్నేళ్లుగా తన మాటనే తాను నమ్మని మనిషి. ఇప్పుడు కోపం వస్తే? పోయిన అరవై ఏళ్లు ఎవరిస్తారు?

ముసలాయన తలమీది టోపీ తీశాడు. ఉతికి ఇస్త్రీ చేసిన ఆదివారం టోపీ. దాన్ని గుప్పిట్లో నలిపి, వంగి, కుడివైపు నంబరుమీద ఒక్కసారి తుడిచాడు. వంపుగా, ఎడమనుంచి కుడికి. చెయ్యి వణకలేదు.

మసిలోంచి తెల్లగా 8 బయటపడింది.

"మంచు ఎక్కువగా ఉండింది ఆ రోజు," అన్నాడు. "పైన పిల్లలు పట్టాల పక్కనే పాలకోసం నిలబడి ఉన్నారు." అని నల్లబడిన టోపీనే మళ్లీ పెట్టుకున్నాడు. మసి నుదుటిమీదికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

వెండెల్ కాఫీ కెటిల్ తీసుకొచ్చాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

"కాఫీ పొయ్యనా, డ్రైవర్?" అన్నాడు. 'గారు' లేదు, ఎకసెక్కెమూ లేదు.

"నిండా పొయ్యి," అన్నాడు ఓర్వల్.

నేను బయట మెట్లమీదికి వచ్చి ఊపిరి పీల్చుకున్నాను. వాన ఆగింది. చూరునుంచి చుక్కలు పడుతున్నాయి. వెనకే మార్నీ వచ్చింది.

"మూడు వారాల సంగతి," అంది. "ఇప్పుడు చెప్తావా, దానిక్కూడా ఓవెన్ కావాలా?"

"మార్నీ, చెప్పాక వెనక్కి తీసుకోలేను."

"వెనక్కి ఎవరడిగారు?"

"నాకు రోజూ నాలుగుంపావు ఎప్పుడవుతుందా అని ఉంటుంది," అన్నాను. "శని, ఆదివారాలు మరీ కష్టంగా ఉంటుంది. బస్సు ఉండదు, నువ్వు రావు. బతికినన్నాళ్లూ నాలుగుంపావు కావాలి నాకు."

ఇంతకంటే మంచి మాటలు మూడు వారాలు తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు.

ఆమె నవ్వలేదు. రెయిన్‌కోటు చేతిని వేళ్లమీదికి లాక్కుని, నా కుడిచెంపమీద పొద్దున అంటిన మసిని ఒక్కసారి తుడిచింది, వంపుగా.

"చూడు, ఇకనుంచి ఈవైపు నాది," అంది. "ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు."

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఓర్వల్, చేతిలో కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు, నుదుటిమీద మసితో.

"ఎంతసేపు నిలబెడతారు బండిని?" అన్నాడు. "దారి ఇచ్చేశాను. కదలండి."